ఖడ్గపాత్ర

ఒక్క కొమ్ముతోడ నుండెడి మృగమును
ఒక్క దంతమున్న యొడయ! కావు,
కథను జెప్పు నోటఁ గల్లలు రానీక
విన్నవారి మనసు వెన్న సేయు.

బోధను పట్టణంలో చెరకు బండ్ల వరుస పలచబడి, ఫ్యాక్టరీ గొట్టం పొగ సన్నగిల్లే ఫాల్గుణ మాసం. పందొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం. హైస్కూలు తెలుగు పండితుడు మార్కండేయశర్మ సాయంసంధ్య వార్చుకొని అరుగు మీదికి వచ్చేసరికి, పాత శిష్యుడు లాజరు సైకిలుకు ఆనుకొని నిలుచున్నాడు. లాజరు మెథడిస్టు కుటుంబంవాడు. చీనా యుద్ధంలో మిలటరీ ఆంబులెన్సు నడిపి, తరువాత రెండేండ్లు అస్సాములోనే ఉండి వచ్చాడు. ఇప్పుడు చెరకు తోటల్లో ట్రాక్టరు నడుపుతున్నాడు.

“పంతులూ, సైకిల్ మీద అస్సాం పోతున్న.”

“ఎందుకురా? రైలు పట్టాలు దొంగలెత్తుకపోయిండ్రా?”

“రైల్ల పోతె నన్నెవ్వలు సూస్తరు? సైకిల్ మీద పోతె ఊరూర పది మంది గుమిగూడుతరు. గుమిగూడినకాడ జోలె పడత.”

ఎందుకు పోతున్నాడో చెప్పాడు. బ్రహ్మపుత్ర పొంగిన ఏడు ఒక ఖడ్గమృగం బిడ్డను వెంటబెట్టుకొని, వరదకు బెదిరి అడవి విడిచి ఒడ్డెక్కిందట. వేటగాళ్లు కాచుకొని దాన్ని కూల్చి, ముక్కు మీది ఒంటికొమ్ము కోసుకొని పోయారట.

“పిల్ల మూడొద్దులు తల్లి పీనుగు కాడికెల్లి కదలలే పంతులూ. కొమ్ము కోసిన పుండు నాకుకుంటనే ఉన్నది. నేను ఒడ్డు మీద నిలవడి సూసిన. గంతే. ఏం జేస్త?”

అడవి నడుమ ఎత్తైన మట్టి దిబ్బలు పోయిస్తే, వరద వచ్చినా ఆ మృగాలు బయటికి రాక బతుకుతాయని అక్కడి అధికారి ఒకాయన లాజరుతో అన్నాడు. ఆషాఢపు వరదకు ముందే ఆ పైకం చేరాలి. జిల్లాలో వసూలు చేసుకొని, నిర్మల్ మీదుగా నాగపూరు బాట పట్టాలని అతని తలపు. పది రోజులుగా అడుగుతూనే ఉన్నాడు. “మన బర్లకే గడ్డి లేదు, గా అడవి బర్రెకు చందానా?” అని జనం నవ్వి పంపుతున్నారు.

“మా మాట ఇనరు పంతులూ. పద్యమైతె ఇంటరు. ఒక్కటి కట్టియ్యిండ్రి.”

శిష్యుడు అడిగిన గురుదక్షిణ వంటిది ఆ కోరిక. కాదనడానికి నోరు రాలేదు. అయితే ఎన్నడూ కంటితో చూడని జంతువు మీద మనవాళ్లకు భక్తి ఎట్లా పుట్టించడం? శర్మ తాళపత్రాలు తిరగవేశాడు, ధర్మశాస్త్రాలు నెమరువేశాడు. చివరికి దేవుని మందసంలోని చిన్న పట్టుగుడ్డ మూట మీద అతని చూపు నిలిచింది. అందులో ఖడ్గపాత్ర ఉంది. ఖడ్గమృగపు కొమ్మును తొలిచి చేసిన దొన్నె అది, అరచేతిలో ఇముడుతుంది. తాతగారు కాశీయాత్రలో సంపాదించినది. తాత, తండ్రి, తాను ముగ్గురూ దానితోనే పితృతర్పణాలు విడిచారు. ఇంకేం, పద్యం దానంతట అదే నడిచి వచ్చింది.

ఖడ్గపాత్రతో నువులనుఁ గలిపి నీరు
విడువఁ బితరులు తనియుదుర్ వేయి యేండ్లు

ఆ దొన్నెతో నువ్వులు కలిపిన నీళ్లు వదిలితే చనిపోయిన పెద్దలు వేయి సంవత్సరాలు తృప్తి పొందుతారని భావం. ఇంత పుణ్యమృగాన్ని కాపాడుకోరా అన్నది తరువాతి రెండు పాదాల వేడికోలు.

నిజామాబాదులో మొదటి సభ. లాజరు సైకిలు మీద, శర్మ బస్సులో చేరుకున్నారు. శర్మ రాగం తీసి పద్యం చదివి, దొన్నెను అందరికీ కనబడేటట్లు పైకెత్తాడు. ముందు వరుసలవాళ్లు లేచి నిలబడి దాన్ని చూశారు. ఆ పైన లాజరు పరచిన తువ్వాలు చూస్తుండగానే నిండింది. నలభై ఏండ్ల పాండిత్యం ఇవాళ పండిందని శర్మ కండ్లు చెమ్మగిల్లాయి. తువ్వాలు మూట కడుతున్న లాజరు ఎందుకో తలెత్తలేదు.

రెండో సభ ఆర్మూరు పక్కన వేల్పూరులో. పసుపు ఉడికించే రోజులు కావడంతో ఊరంతా ఆ ఘాటే. పద్యం ముగిసీ ముగియకముందే భోజన్న అనే పసుపు రైతు లేచి, పెద్ద నోటు ఒకటి తువ్వాల్లో వేశాడు.

“లాజరన్నా, ముక్క మాత్రం పెద్దది తేవాలె. ముగ్గురన్నదమ్ములం. పంపకాల కాడ కొట్లాట రావద్దు.”

“ఏం ముక్క, భోజన్నా?”

“గదే, కొమ్ము ముక్క. పంతులు సూపిచ్చింది.”

జనంలోంచి సాయవ్వ అనే ముసలామె ముందుకు వచ్చి, కొంగుముడి విప్పి రూపాయి తీసింది. ఆమె పెనిమిటి బావి తవ్వుతుండగా గడ్డ విరిగిపడి అందులోనే సమాధి అయినాడు. శవం కూడా దక్కలేదు.

“నీళ్ల కోసం తవ్వుకుంట తవ్వుకుంట పోయిండు బాంచెన్. నోట్లె సుక్క పడలే. కలలకొచ్చి దూప దూప అంటడు. నాకు కొండంత వద్దు, గోరంత ముక్క సాలు.”

శర్మ చేతులు జోడించాడు. “అమ్మా, అయ్యా, తప్పు నాది. ఆ జీవాన్ని చంపితే తప్ప కొమ్ము రాదు. చంపకుండా కాపాడడానికే ఈ జోలె. మీ పైసలు మీరు తీసుకోండ్రి.”

“మరి మీ తాత తెచ్చింది ఏడికెల్లి వచ్చె పంతులూ? చెట్టుకు కాసిందా?” అన్నాడు భోజన్న.

శర్మ చూపు దొన్నె మీదికి వాలింది. ఆ దొన్నె కోసం ఏ అడవిలో ఏ తల్లి కూలిందో, ఏ పిల్ల మూడు రోజులు నిలిచిందో అతడెన్నడూ తలచలేదు. మూడు తరాల తర్పణజలం అతని కండ్ల ముందు ఎరుపెక్కింది.

ఆ మౌనాన్ని భోజన్న తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. పక్కవానికి కన్ను గీటి, “సర్కారుకు భయపడి గట్లనవట్టె. పెద్దమనిషి పదిమందిల చెప్తడా?” అన్నాడు. అంతే. ఇవ్వనివారు కూడా ఇచ్చారు. లాజరు ఒక్కొక్కరి చేతిలో తిరిగి పెట్టబోయాడు. ఒక్కరూ పుచ్చుకోలేదు. పైగా, “మాకెందుకు తేవు? మేం తక్కువోళ్లమా?” అని కోపగించారు.

ఊరు దాటి మోర్తాడు బాట మీద సైకిలు నడిపించుకుంటూ లాజరు అన్నాడు. “నాకు నిజామాబాద్లనే అనుమానమొచ్చింది పంతులూ. మీ మొకంల సంబురం జూసి అనలే.”

“ఇప్పుడేం చేద్దాంరా?”

“తీసుకపోతె దొంగనైత. ఇడిసిపోతె దిబ్బ లేవది. మీరే చెప్పిండ్రి.”

మోర్తాడులో శర్మ పద్యం చదవలేదు, దొన్నె చూపలేదు. అయినా కబురు వారికంటే ముందే చేరింది. అప్పుడు శర్మ ఒక నిశ్చయానికి వచ్చాడు. చెప్పినది నమ్మరు, చేసి చూపుతాను, అని.

లాజరు జిల్లా విడిచే రోజున సోన్ దగ్గర గోదావరి రేవుకు జనం బాగా వచ్చారు. వేల్పూరు నుండి భోజన్న పసుపు లారీలో సాయవ్వతో సహా ఇరవై మందిని ఎక్కించుకొని తెచ్చాడు. శర్మ మోకాటి లోతు నీటిలో నిలిచి, ఆ దొన్నెతో కడపటిసారి తండ్రికి, తాతకు తర్పణం విడిచాడు. వారిని మనసులోనే క్షమాపణ వేడాడు. తరువాత జనం వైపు తిరిగి గొంతెత్తాడు.

“ఇది హత్య చేసి తెచ్చిన కొమ్ము. ఇక నా పితరులకు దోసిటి నీళ్లే. మీకూ అంతే చాలు. లాజరు కొమ్ము తేడు, తేలేడు!”

దొన్నెను మడుగులోకి విసిరివేశాడు. అది ఒక్కసారి తళుక్కుమని మునిగిపోయింది.

గట్టు మీద కొందరు చేతులు జోడించారు. విన్నారనుకున్నాడు శర్మ. మరుక్షణమే జనం చెంబులతో, సీసాలతో, ఉత్త చేతులతో మడుగు మీద పడ్డారు. కొమ్ము కలిసిన నీరు కదా! సాయవ్వ ఇత్తడి చెంబు నింపుకొని, గట్టున కూలబడి, “తాగు రాజయ్యా, తాగు” అంటూ ఇసుకలో ధార పోస్తూ ఏడుస్తున్నది. ఆమెను వారించే మాట ఏ శాస్త్రంలో వెదకాలో శర్మకు తెలియలేదు.

“సూసిండ్రా!” అని భోజన్న ఎలుగెత్తాడు. “కొత్తయి వస్తున్నయనే గద, పంతులు పాతదాన్ని గంగల కలిపిండు!”

శర్మ తడిబట్టలతో లాజరు దగ్గరికి నడిచాడు. లాజరు పైసల మూటను సైకిలు వెనుక బిగించి కట్టుకున్నాడు.

“ఇగ పోత పంతులూ. వరద మన కోసం ఆగదు.”

“తిరిగొచ్చినంక వీళ్లు నిన్ను నిలువనిస్తరా?”

“అప్పటి మాట అప్పుడు. పిల్లకు నిలవడ జాగన్న దొరుకుతది.”

గురువు పాదాలకు మొక్కి, మెడలోని శిలువను ఒకసారి తాకి, అతడు సైకిలెక్కాడు. వంతెన నడుమకు చేరేసరికి వెనుక నుండి భోజన్న కేక గోదావరి మీదుగా వెళ్లి అతన్ని అందుకున్నది.

“లాజరన్నా! పెద్దదే తేవాలె, మరువకు!”

శర్మ చెవులు మూసుకోబోయి, చేతులు లేవక, అక్కడే నీటి అంచున నిలుచుండిపోయాడు.

ఈ కథ విన్నవారి పితరుల దాహం దోసిటి నీటితోనే తీరుగాక. ఏ పిల్ల ఎదుటా తల్లి కూలకుండుగాక. చెప్పిన మాట చెప్పినట్టే చెవిన పడే భాగ్యం చదివినవారికి, విన్నవారికి, వినక గట్టున నిలిచినవారికి కూడా కలుగుగాక.