మూడు చుక్కలు పొడిచాక

రోజు ఎప్పుడు మొదలవుతుందని మా నాన్నగారిని అడగకూడదు. అడిగితే మన రోజు అక్కడితో అయిపోతుంది. పక్కింటి నాగవల్లి పిన్నిగారికి సూర్యోదయంతో మొదలవుతుంది, నా ఫోనుకి అర్ధరాత్రి పన్నెండుకి. మా నాన్న ఏసుపాదం గారికి మాత్రం పొద్దు గూకడంతోనే. రాజమండ్రిలో పాస్టర్లకు పాఠాలు చెప్పే కళాశాలలో ముప్పై ఏళ్లు ఆయన ఇదే చెప్పారు. పాతకాలపు యూదులకు సాయంత్రం ముందు, ఉదయం తర్వాత. కాబట్టి శనివారం చీకటి పడితే ఆదివారం వచ్చేసినట్టే.

ఆయన రాస్తున్న పుస్తకం కూడా అలాంటిదే. ప్రభువు చివరి భోజనం యూదుల పస్కా పండుగ భోజనమేనని సువార్తలు రాసిన నలుగురిలో ముగ్గురంటారు. యోహాను మాత్రం పస్కా ఇంకా రాలేదని, గొర్రెపిల్లల్ని వధించే రోజునే సిలువ వేశారని అంటాడు. ఆ ఒక్కరోజు తేడా కోసం నాన్నగారు మూడు బీరువాల పుస్తకాలు చదివారు. చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెట్టినవాళ్లున్నారట, ఏడాదికి మూడొందల అరవై నాలుగు రోజులే పెట్టుకుని చంద్రుడితో పనే లేదన్నవాళ్లున్నారట. ఎవరి పండుగ వాళ్లది. “ఏ రోజైతేనేం గానీ, అన్నం చల్లారిపోతోంది రండి” అనేది మా అమ్మ సూర్యకళ.

అమ్మ పోయి రెండేళ్లయింది. పోయే ముందురోజు, శనివారం, ఆవిడ మంచం మీద నుంచి, “ఏవండీ, నాకు బల్ల ఇవ్వండి” అని అడిగింది. బల్ల అంటే ప్రభు రాత్రి భోజనం, చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం ఇస్తారు. తెల్లవారితే మొదటి ఆదివారమే. నాన్నగారు పాస్టరు కూడా కాబట్టి ఆయనే ఇవ్వాలి. “రేపు ఆరాధన అయ్యాక తెస్తాను” అన్నారు. కోళ్లు కూయకముందే అమ్మ పోయింది.

ఆ తర్వాతి శనివారం నుంచీ ఆయనకు అమ్మ గదిలోంచి పిలుపు వినిపిస్తోంది. సరిగ్గా మునిమాపు వేళ, “ఏవండీ” అని. అంతే, రెండో మాట ఉండదు. నేను భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను, శని ఆదివారాలు పాలకొల్లు దగ్గర మా ఊరు వస్తాను. నాకేం వినపడలేదని నాన్నగారితో చెబుతూ వచ్చాను. అది అబద్ధం. మొదటిసారే విన్నాను. చేతిలో గిన్నె జారిపోయింది. గదిలోకి వెళ్తే పరుపు చుట్టేసిన ఖాళీ మంచం, ఆవిడ రాసుకునే అమృతాంజనం వాసన. సీసా ఎప్పుడో పారేశాం.

నాన్నగారు మాత్రం బల్ల ముట్టుకోవడం మానేశారు. తన చేత్తో అందరికీ పంచి, తాను తీసుకోరు. పైగా ప్రతి శనివారం నన్నొకటే ప్రశ్న వేస్తారు, “దీవెనా, ఆ రోజు అమ్మ అడిగేటప్పటికి పొద్దు గూకిందా?”

ఆ ప్రశ్నలో ఏముందో నాకు తెలుసు. పొద్దు గూకకముందు అడిగితే అది ఇంకా శనివారం, ఆయన చేసింది సంఘం పద్ధతే. గూకిన తర్వాత అడిగి ఉంటే, ఆయన పాఠం ప్రకారమే ఆదివారం వచ్చేసింది, చావబోయే భార్యకు ఆయన లేదన్నారు. మధ్యలో ఇంకో సందు కూడా వెతుక్కున్నారు. సూర్యాస్తమయానికీ, ఆకాశంలో మూడు చుక్కలు పొడవడానికీ మధ్య వేళ ఏ రోజు కిందికి వస్తుందో ఆ యూదు పెద్దలకే తేలలేదట. “చుక్కలు పొడిచాయా అమ్మాయ్? అప్పుడు డాబా మీద బట్టలు తీస్తున్నావుగా, చూసుంటావు” అని అడిగేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని నాకు ఒళ్లు మండేది. గుర్తులేదని చెప్పి తప్పించుకునేదాన్ని.

నిన్న మళ్లీ మొదటి ఆదివారానికి ముందు శనివారం. సోమవారం రాజమండ్రిలో ఆయనకి గుండె ఆపరేషన్. డాక్టరు నచ్చజెప్పిన తీరు చూస్తేనే అదెంత ప్రమాదమో నాకు తెలిసిపోయింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, “ఈసారి చెప్పు తల్లీ. నీ మాటని బట్టి రేపు నేను బల్ల తీసుకుంటాను, లేదా తీసుకోకుండానే పోతాను” అన్నారు.

ఆ మనిషిని అలా పంపించలేకపోయాను.

“ఎండ ఇంకా ఉంది నాన్నగారూ. కొబ్బరిచెట్ల తలల మీద ఎర్రగా ఉంది. నాకు బాగా గుర్తు.”

ఆయన నా వంక తిరిగారు. “ఆ వేళ కరెంటు లేదమ్మా. కొవ్వొత్తి వెలిగించి మంచం పక్కన పెట్టింది నేనే. అది వెలిగించాకే ఆవిడ అడిగింది.”

“మరి రెండేళ్లుగా నన్నెందుకు వేధించారు?” అని అరిచాను.

“ఎవరో ఒకరు నన్ను తిడతారని. నువ్వూ నా మీద జాలిపడ్డావు.”

నాకు కోపం ఆగలేదు. “సరే, వినండి. ఆకాశం నిండా చుక్కలే. బట్టలు తడుముకుంటూ తీశాను. మీ పాఠం ప్రకారం ఆదివారం వచ్చి గంటయింది. మీరు ఇవ్వలేదు. చాలా?”

ఆయన తల ఊపారు. “ఇవ్వకపోవడానికి రోజు కారణం కాదమ్మాయ్. ఆ మధ్యాహ్నం ఆవిడ నాగవల్లి గారిని పిలిచి పంచాంగం చూపించుకుంటోంది. గుమ్మంలో నిలబడి విన్నాను. నలభై ఏళ్లు నా పక్కన ప్రార్థన చేసి, ఆఖరికి తిథీ నక్షత్రమా అని కోపం వచ్చింది. ఒక్క రాత్రి ఆగితే బుద్ధొస్తుందనుకున్నాను.”

ఆ రోజు అమ్మ ఏం అడిగిందో నాగవల్లి పిన్నిగారు సమాధి దగ్గరే నాకు చెప్పింది. ఆ మాటలు ఆయన చెవిన పడ్డాయనీ, అవీ సగమేననీ నాకు నిన్నటిదాకా తెలియదు.

“నాన్నగారూ, అమ్మ పుట్టింటివాళ్లు మనలా చర్చికి వెళ్లేవాళ్లు కాదు కదా. ధనిష్ఠా పంచకంలో, అంటే ఆ చెడ్డ నక్షత్రాలున్న అయిదు రోజుల్లో, మనిషి పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసేసి వెళ్లిపోతారు వాళ్లు. అమ్మ చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పోతే పశువుల పాకలో ఉన్నారట. అమ్మకి ఆ భయం పోలేదు. ‘ఇవాళ రేపట్లో పంచకం ఉందా నాగవల్లీ? ఉంటే నన్ను ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పు. నేనిక్కడ పోతే ఈయన ఇల్లు వదలాల్సొస్తుంది, ఈ పుస్తకాలన్నీ ఎక్కడ పెట్టుకుంటారు?’ అని అడిగిందట. లేదని చెప్పాకే నిశ్చింతగా పడుకుందట.”

ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వాటినే చూసుకున్నారు. ఆ లెక్కలు, ఆ చుక్కలు, ఆ బీరువాలు అన్నీ ఆయన కోసమే. అమ్మ బతుకంతటికీ ఒక్క లెక్క అడిగింది, అదీ ఆయన కోసమే. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద జాలితో కాదు, అమ్మ మీద బెంగతో.

వీధిలో దీపాలు వెలిగాయి. లోపలి గదిలోంచి, “ఏవండీ” అని వినిపించింది.

“వినపడిందా?” అని ఆయన అడిగారు.

“వినపడింది. మొదటి వారం నుంచీ వినపడుతూనే ఉంది.”

ఆయన లేచి, రేపటి కోసం తెచ్చిన రొట్టెలోంచి ఒక ముక్క తుంచి పళ్లెంలో పెట్టుకున్నారు. గోడ పట్టుకుని నడుస్తూ అమ్మ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారు. “ఆదివారమే సూర్యకళా. తీసుకో” అన్న మాట ఒకటి వినిపించింది.

బయటికి వచ్చేసరికి పళ్లెంలో సగం ముక్కే ఉంది. మిగతా సగం ఏమైందని నేను అడగలేదు. నాన్నగారు గుమ్మంలోనే కూలబడి, ఆ మిగిలిన సగాన్ని రెండేళ్ల తర్వాత మొదటిసారి నోట్లో పెట్టుకుని, ఏడుస్తూ నమిలారు.