చిప్పలు ఉమ్మిన పూసలు

మనిహికి దీవిలో ఆ ఏడు ముత్యాల బేరం పడిపోయింది. కొనేవాళ్లు లేరు. ఏటేటా వచ్చి ముత్యపు చిప్పల్లో పూసలు పెట్టి పోయే పైదేశపు పనివాడూ రానన్నాడు. దీవి నడుమనున్న ఉప్పునీటి మడుగుకు మాత్రం ఇవేవీ పట్టలేదు. నిద్రలో నవ్వే పసిపాపలా హాయిగా, నీలంగా మెరుస్తూనే ఉంది.

మిగతా ముత్యాల సాగువాళ్లు పనివాళ్లను ఇళ్లకు పంపేశారు. తరౌ మామ పంపలేదు. "అమ్మేందుకు పని లేదు, సరే. నేర్చుకునేందుకు ఇంతకంటే తీరికెప్పుడు దొరుకుతుంది? ఓడ వచ్చేలోపు చెయ్యి తిరిగినవాళ్లను ఎలాగోలా పనిలో ఉంచుకుంటాను, మిగతావాళ్లు ఆ ఓడెక్కి పోవాల్సిందే" అన్నాడు. చిప్పలు గీకడం తప్ప మరో పని ఎరగని తెపయేరు అనే పిల్లను నీళ్ల మీది గుడిసెలో బల్ల ముందు కూర్చోబెట్టాడు.

చిప్పను కొద్దిగా తెరిచి, వేరే చిప్ప అంచు నుంచి కోసిన మెత్తటి ముక్కను గుండ్రటి పూసకు ఆనించి లోపల పెట్టాలి. ముక్క బతికితే పూస మీద ముత్యం పొర కడుతుంది. లేదంటే చిప్ప ఆ పూసను కింద కట్టిన వలసంచిలోకి ఉమ్మేస్తుంది.

తెపయేరు పెట్టిన పూసలన్నీ చిప్పలు ఉమ్మేశాయి.

"చిప్పలకు నీ చెయ్యి రుచించడం లేదే" అంది అక్క వైనే. "మూట కట్టుకో. పెద్దదీవి రారోటోంగాకు పోయి హోటల్ గదులు ఊడ్చుకుందాం. పక్కగుడ్డలైతే ఉమ్మెయ్యవుగా!"

తెపయేరు నవ్వింది గానీ, మడుగు లేని చోట తనకు నిద్రెలా పడుతుందో ఆమెకు ఎంత ఆలోచించినా తెలియలేదు. నీటి వెలుగు గుడిసె కప్పు మీద ఊగుతుంటే చూస్తూ కూర్చునేది. చిప్పలన్నీ ఒక్కసారే ఊపిరి తీసి వదులుతున్నట్టు, ఆ ఊపిరికే దీవి మెల్లగా లేచి పడుతున్నట్టు ఉండేది.

ఒకనాడు తరౌ మామ ఆమె పక్కన చేరగిలబడి, పొద్దు వాలేదాకా ఆమె చేతులే చూశాడు. ఆమె ముక్క కోసింది. గిన్నెలో ముంచి, ముద్దుగా కడిగింది.

"అవేం నీళ్లే?"

"వాన నీళ్లు మామా. మా తొట్టిలోవి."

"వాన నీళ్లా!"

"మరి? ఇంటికొచ్చిన చుట్టానికి ఉప్పునీళ్లిస్తామా? కోసిన ముక్క కదా, మంట పుట్టదూ పాపం?"

తరౌ మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిదానా! అది పుట్టిందే ఉప్పులో. మంచినీళ్లు తగిలితే చచ్చి ఊరుకుంటుంది. చుట్టానికి విషం పోశావు కదే!"

"ముందే చెప్పొచ్చుగా!" తెపయేరుకు ఏడుపొచ్చింది.

"నాకేం తెలుసే? బేరం జోరు మీదుంటే నీ పక్కన ఇంతసేపు కూర్చునేవాణ్నా? రాలిన పూసలు చూసి, నీకు పని రాదు పొమ్మనేవాణ్ని."

అప్పటినుంచి ఆమె మడుగు నీళ్లే ముంచింది.

కొన్ని నెలలకు ఓడ రానే వచ్చింది. వైనే చాప చుట్టుకుని రేవులో నిలబడింది. తరౌ మామ మడుగులోంచి చిప్పల తాడు లాగి వలసంచులు విదిలించాడు; రెండో మూడో పూసలు రాలాయంతే. ఒక చిప్ప కోసి చూశాడు. పూస మీద పావురం మెడ రంగు పలచగా అలుముకుని ఉంది. ఆ పూసను తెపయేరు అరచేతిలో పెట్టాడు.

"రావటే?" అని రేవు నుంచి అరిచింది వైనే.

"పనుందక్కా!"

"కొనేవాడే లేడు, ఏం పనే నీకు?"

"వాడొచ్చేసరికి ముత్యం పెరగొద్దూ?" అంది తెపయేరు, అప్పటికే మరో చిప్ప తెరుస్తూ.