చూడకుండా నొక్కిన బొత్తాం

కాలేజీ మేడ మీద పావురాల రెట్టను పొద్దుటినుంచీ గీకింది మరదలు. చుక్కలు పొడిచే వేళకు ఫొటోల్లో నిలబడడానికి వచ్చిందేమో బావగారు. ఆయన ఫిజిక్సు విభాగానికి పెద్ద, ఆమె అక్కడే ల్యాబు అసిస్టెంటు. అక్క మొగుడే పైఅధికారి అయితే ఇంట్లోనూ ఆఫీసులోనూ నోరు మూసుకోవాలి. పదకొండేళ్లుగా ఆమె చేస్తున్నది అదే.

ఆ సాయంత్రం మాత్రం ఆమెకు గుండె పీచుపీచుమంటోంది. టెలిస్కోపులోని పెద్ద అద్దం వాళ్ల నాన్న చేసింది. కళ్లద్దాల దుకాణంలో జీవితమంతా సానపట్టిన మనిషి, మూడేళ్లు చేత్తో అరగదీసి ఆ అద్దాన్ని కాలేజీకిచ్చాడు. ఇప్పుడు కాలేజీవాళ్లు కంప్యూటరుతో తిరిగే పీట ఒకటి కొని, దాని మీద ఈ టెలిస్కోపు గొట్టాన్ని ఎక్కించారు. ట్రస్టు ఛైర్మన్ వచ్చి శనిగ్రహం చూసి బాగుందంటే ఆ అద్దం ఉంటుంది. లేదంటే పీకేసి బజారుది వేస్తారు.

ఆ పీటకో పద్ధతుంది. మట్టంగా నిలపాలి, ధ్రువనక్షత్రం వైపు తిప్పాలి, తేదీ, టైము ఎక్కించాలి. అప్పుడది తనంతట తనే ఒక నక్షత్రం వైపు తిరిగి, మధ్యలో ఉందా అని అడుగుతుంది. గొట్టంలోంచి చూసి, బాణం బొత్తాలతో సరిగ్గా మధ్యకు తెచ్చి, అప్పుడు ఔనని నొక్కాలి. అలా రెండు నక్షత్రాలకు. వెర్రిబాగుల యంత్రం, అబద్ధం చెప్పినా నమ్మేస్తుంది.

"నేను చేస్తాను బావగారూ, పది నిమిషాల పని."

"నువ్వాగమ్మా. ఛైర్మన్ గారి కారు గేట్లోకొచ్చేసింది."

బావగారు నూనె కారుతున్న పకోడీల పొట్లంలోంచి చివరి ముక్క నోట్లో వేసుకుని, వేళ్లు నాకి, కటకాలు తుడిచే మెత్తటి గుడ్డకే తుడుచుకుని, రిమోట్ అందుకున్నాడు. గొట్టంలోకి తొంగైనా చూడలేదు. ఔను. ఇంకో ఔను. తెర మీద 'సక్సెస్' అని పడగానే పళ్లికిలించాడు. ఛైర్మన్, ప్రిన్సిపాలు, వాళ్ల వెనకే నాన్న మేడెక్కి వచ్చారు.

శని అని నొక్కగానే గొట్టం తూర్పున కిందికి వాలి ఆగింది. ఛైర్మన్ కన్ను పెట్టాడు.

"ఉంగరం కనబడుతోందయ్యా. మధ్యలో నల్లగా ఉందేం?"

"దాని అందమే అది సార్" అన్నాడు బావగారు.

ప్రిన్సిపాలు చూసి ఆహా అన్నాడు. ఆయన తానా అంటే మిగతావాళ్లు తందానా.

"కాస్త మసగ్గా ఉంది మరి" అన్నాడు ఛైర్మన్.

"అద్దం ఇంట్లో చేసింది సార్. ముసలాయన ముచ్చటపడ్డాడని పెట్టాం. మార్చేద్దాం."

ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. అదీ ఆ ముసలాయన పక్కనే నిలబడి ఉండగా. నాన్న వంగి చాలాసేపు చూశాడు.

"బాగుంది అల్లుడు గారూ" అన్నాడు.

అప్పుడు ఆమె చూసింది. మెత్తగా ఉబ్బిన వెలుగు ఉంగరం, నడుమ నల్లటి బెజ్జం. తలెత్తి గొట్టం వెంబడే చూపు సారించింది. ఎదురు మేడ మీద, నీళ్ల ట్యాంకు మెట్ల దగ్గర బల్బు. చుక్కల దూరానికి సరిచేసిన టెలిస్కోపులో దగ్గరి దీపం ఇలాగే ఉబ్బుతుంది. నల్లటిది గొట్టంలోని చిన్నద్దం నీడ. ఆమెకు ఆ సంగతి నేర్పింది నాన్నే.

ఫొటో కోసం ఛైర్మన్ మళ్లీ కన్ను పెట్టాడు. ఆమె పిట్టగోడ దగ్గరికి నడిచింది. ఎదురు మేడ మీద ఒకావిడ ఆరిన బట్టలు తీస్తోంది.

"పిన్నిగారూ, ఆ బల్బు ఒక్కసారి ఆర్పుతారా?"

"ఇదేంటి, శని ఆరిపోయింది?" అన్నాడు ఛైర్మన్.

"మళ్లీ వెలిగించమంటారా సార్?" అంది ఆమె.

ఛైర్మన్ తలెత్తి ఎదురు మేడ వైపు చూశాడు. బావగారు దగ్గరికొచ్చి, "ఇంటికి రా, మీ అక్కతో మాట్లాడతాను" అన్నాడు పళ్లు నూరుతూ. ఆమె రిమోట్ లాక్కుని, జిడ్డు తన కొంగుకే తుడిచి, యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఒక నక్షత్రం, చూసి ఔను. రెండోది, చూసి ఔను.

ఈసారి శని చిన్నగా, గుండుసూది మొనతో గీసినట్టు తేటగా నిలబడింది. ఛైర్మన్ కన్ను తీయడానికి రెండు నిమిషాలు పట్టింది.

"ఈ అద్దం మార్చకండి."

"నేనూ అదే అంటున్నాను సార్" అన్నాడు బావగారు. ఆ నోటికి సిగ్గన్నదే లేదు.

అందరూ దిగి వెళ్లాక నాన్న చూశాడు, తన అద్దంలో తన శనిని.

"ఇందాక అది బల్బని తెలియలేదా నాన్నా?"

"తెలిసిందమ్మా. పెద్దల్లుడి పరువు కదా అని."

"మరి నీ అద్దం పరువో?"

నాన్న గొట్టానికి మూత పెట్టాడు. ఆమెకు ఒళ్లంతా రోత పుట్టింది. బావగారు చూడకుండా ఔనని నొక్కాడు. నాన్న చూసి మరీ నొక్కాడు. పదకొండేళ్లుగా తాను నొక్కుతున్నదీ ఆ బొత్తామే.