చక్రధర్ పేరు మీద కిలోమీటర్లు

ఆదివారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, ఎల్లారెడ్డి దాటాక దారి మూడుగా చీలే చోట చక్రధర్ సైకిలు దిగాడు. ఎటు వెళ్లాలో అతనికి తెలియలేదు. ఫోన్‌లోని యాప్ లెక్క ప్రకారం అతను వానాకాలం నుంచి రోజూ ఆ దారినే సైకిలు తొక్కుతున్నాడు. అతని వెనుక కామారెడ్డి సైకిల్ క్లబ్బు వాళ్లు ఇరవై మంది ఆగారు.

ఆ సమయానికి అతని భార్య అనిల ఇంట్లో ఆ ఇరవై మందికి ఉప్మా కలుపుతోంది.

అనిల అంగన్‌వాడీ టీచర్. సెంటరు ఎల్లారెడ్డి అవతల ఒక ఊళ్లో ఉంది. అది తెరిచే వేళకు బస్సు రాదు. ఇంట్లో కారు ఉంది కానీ అది చక్రధర్‌తో ఎరువుల దుకాణానికి పోతుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమె పుట్టింటి నుంచి సైకిలు తెచ్చుకుంటే అత్త కమలవ్వ వాకిట్లో నిలబడి, "పదెకరాల ఇంటి కోడలు సైకిల్ తొక్కుకుంట పోతే నలుగురు ఏమంటరు?" అంది. చక్రధర్ మధ్యే మార్గం చెప్పాడు. "గల్లీ దాటేదాక నడిపించుకుంట పో. అవతల ఎక్కు."

ఆమె అలాగే చేసింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమె చేతులు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అందిస్తూనే ఉంటాయి. చాయ్, వేడినీళ్లు, తువ్వాల, గోళీలు, కారు తాళం. సెంటరుకు పోతే పిల్లలు, గుడ్లు, పాలు, రిజిస్టర్లు. సాయంత్రం మళ్లీ పొయ్యి. ఈ రెంటికీ నడుమ, గల్లీ చివర నుంచి సెంటరు గుమ్మం దాకా, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంటాయి. అప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడగరు. తన గురించి తాను ఏదైనా అనుకోవాలంటే ఆమె ఆ దారిలోనే అనుకునేది. తనదంటూ ఉన్నది అదొక్కటే అని ఆమెకు తెలుసు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో ఒక పొద్దున చక్రధర్ తన పాత ఫోన్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆమె సైకిలు బుట్టలో పెట్టాడు.

"తొవ్వ మంచిగ లేదు. నువ్వు యాడున్నవో నాకు ఎరుకుండాలె," అన్నాడు.

ఆ తర్వాత రోజూ తనే వాకిట్లోకి వచ్చి, ఒక బటన్ నొక్కి, కవరు మూసి బుట్టలో పెట్టేవాడు. అతను ఆమె కోసం వాకిలి దాకా రావడం అదే మొదలు. సెంటరులో ఆయా గంగామణికి అనిల ఈ సంగతి చెప్పింది. గంగామణి నవ్వి, "మీ ఆయన గింత మంచోడని నాకెరుక లేదు టీచరమ్మా," అంది.

సాయంత్రం అతను తన ఫోన్‌లో మ్యాపు చూసేవాడు. చూసి అడిగేవాడు.

"గిర్ని కాడ అరగంట ఆగినవేంది?"

"అత్తమ్మ జొన్నలు పట్టియ్యమన్నది గదా."

"మందుల దుకాణం కాడ?"

"అత్తమ్మ గోళీలు."

కమలవ్వ మంచం మీద పడుకుని అన్నీ వినేది. జొన్నలు తనవే, గోళీలు తనవే. నోరు మెదిపేది కాదు.

ఒకసారి జ్వరమొచ్చి అనిల సైకిలును సెంటరులోనే వదిలి, బుట్టలోని ఫోన్ తీసుకుని ఆటోలో వచ్చింది. ఆ రాత్రి అతను గొంతు పెంచాడు. "ఆటో ఎక్కితే ఫోన్ బంద్ చెయ్యాలె గదా. లెక్కంత ఖరాబైంది." ఏం లెక్క అని ఆమె అడగలేదు. దుకాణం లెక్క అనుకుంది.

ఆగస్టులో ఆమెకు మూడో నెల. కొన్ని రోజులు సైకిలు ఆపనా అని అడిగితే, "తొక్కితే కాన్పు అల్కగ అయితదట," అన్నాడు చక్రధర్. అదే నెలలో ఒక సాయంత్రం ఇంటికి వస్తుండగా కల్వర్టు దగ్గర ఆమెకు కడుపులో నొప్పి లేచింది. సైకిలు దిగి కల్వర్టు గోడ మీద కూర్చుంది. చీర తడిసింది. తన ఫోన్‌లో గంగామణికి చెప్పి, ఆమె ఆటో తీసుకుని వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఆ రాత్రి సైకిలు, బుట్టలోని పాత ఫోన్ కల్వర్టు దగ్గరే ఉండిపోయాయి. ఆస్పత్రికి చక్రధర్ వచ్చాడు. డాక్టరు చెప్పింది విన్నాడు, సంతకం పెట్టాడు. వారం గడవకముందే, "మల్ల ఎన్నటి సంది పోతవ్?" అని అడిగాడు. ఉద్యోగం గురించి అడుగుతున్నాడనుకుంది.

అతను దేని గురించి అడిగాడో ఆమెకు కామారెడ్డిలో తెలిసింది. అది ఉప్మా ఆదివారానికి ముందు ఆదివారం. క్లబ్బు వాళ్లు ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. వానాకాలం నుంచి రోజూ సైకిలు తొక్కి అందరికంటే ఎక్కువ కిలోమీటర్లు చేసిన సభ్యుడికి మెడల్. ఇంటివాళ్లను తీసుకు రమ్మన్నారు. "మంచి చీర కట్టుకో," అన్నాడు చక్రధర్.

క్లబ్బు పెద్ద బాలరాజు, పీఈటీగా పనిచేసి రిటైరైన మనిషి, మైకు పట్టుకుని చక్రధర్ పేరు పిలిచాడు. వెనుక గోడ మీద మ్యాపు వేశారు. ఎల్లారెడ్డిలో మొదలైన ఎర్రగీత గల్లీ దాటి, గిర్ని దగ్గర ఆగి, కాలువ వెంట వంగి, సెంటరు ఉన్న ఊళ్లో ముగిసింది. అనిల ఆ గీతను రెండుసార్లు చూసింది. పైన చక్రధర్ పేరు, పక్కన అతని ఫొటో ఉన్నాయి.

"చక్రీ, నువ్వు అప్పుడప్పుడు ఈడ అరగంట ఆగుతవు. ఏంది సంగతి?" బాలరాజు అడిగాడు.

"స్ట్రెచింగ్ చేస్తనన్నా."

"మల్ల ఈ ఊర్లె? సాయంత్రం దాక అక్కడనే ఉంటివి?"

"మా పొలం ఆ దిక్కే. చూసుకోవాలె గదా."

హాలంతా నవ్వింది. బాలరాజు ఇంకో రోజు గీత వేశాడు. అది కల్వర్టు దగ్గర ఆగిపోయి ఉంది. "ఆగస్టుల ఒకనాడు ఈన్నే ఆగినవ్. ఇంటికి గూడ రాలె."

"పంక్చరైందన్నా," అన్నాడు చక్రధర్.

అనిల చేతిలో కూల్‌డ్రింక్ గ్లాసు ఉంది. పక్క కుర్చీలో ఎస్తేర్ కూర్చుంది. కామారెడ్డిలో నర్సు, ఆ క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. మెడల్ వేసుకుని వచ్చిన చక్రధర్ ముందే ఆమె అనిలను, "వదినా, మీరు తొక్కరా?" అని అడిగింది.

"మా ఇంట్ల ఆడోళ్లకు అలవాటు లేదు," అని జవాబు చక్రధర్ చెప్పాడు.

చివరికి బాలరాజు ప్రకటన చేశాడు. వచ్చే ఆదివారం అందరూ సైకిళ్లు డీసీఎం వ్యాన్‌లో వేసుకుని ఎల్లారెడ్డి వస్తారు, చక్రధర్ ముందు నడిస్తే అతని దారిలోనే తొక్కుతారు. చప్పట్లు కొట్టారు. చక్రధర్ కూడా కొట్టాడు.

కారులో అనిల ఒకే మాట అడిగింది. "పంక్చర్ ఎప్పుడైంది?"

అతను హారన్ కొట్టి ముందు పోతున్న లారీని దాటాడు. తర్వాత, "పది మందిల ఏం చెప్పమంటవ్?" అన్నాడు. ఇంకాసేపటికి, "ఆదివారం ఇరవై మందికి టిఫిన్ చెయ్యాలె," అన్నాడు.

వారం రోజుల్లో అతను ఒక్కసారి కూడా ఆ దారి చూసి రాలేదు. మ్యాపు ఉంది కదా అనుకున్నాడు. మూడు దారుల దగ్గర నెట్ రాదని అతనికి తెలియదు. అక్కడ కాల్ మాత్రం కలుస్తుంది. అతను ఇంటికి చేశాడు.

అనిల గంటె పక్కన పెట్టి ఫోన్ ఎత్తింది. "హలో" అంది. క్షణం ఆగి ఆమె హలో ఆమెకే వినిపించింది, పెద్దగా, ఆరుబయట ఎక్కడో. చక్రధర్ హ్యాండిల్‌కు పాటల స్పీకరు కట్టుకుని వెళ్లాడు. ఫోన్ దానికే కలిసి ఉంది.

"అనిలా, చిన్న డౌటు," అన్నాడు చక్రధర్ గొంతు తగ్గించి. "ఎడమకా, కుడికా?"

వెనుక నుంచి బాలరాజు నవ్వు వినిపించింది. "రోజు పోయే తొవ్వ ఇంటామెను అడుగుతున్నవేంది చక్రీ?"

"మజాక్ చేస్తున్ననన్నా."

కాల్ కట్ చేయాలని స్క్రీను మీద వేలితో కొడుతున్న చప్పుడు వచ్చింది. చేతులకు తొడుగులున్నాయి. కాల్ కట్ కాలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి కమలవ్వ అంతా వింటోంది. "ఎడమకని చెప్పరాదే. ఒక్క మాట," అంది గుసగుసగా.

ఒక్క మాటే. చెబితే అతను దాన్ని కూడా మజాక్ చేస్తాడు, ఇరవై మందీ నవ్వుతారు, అందరూ ఎడమకు తిరుగుతారు. గిర్ని కాడ స్ట్రెచింగ్ ఎట్లా చేయాలో అతను తిరుగుదారిలో వాళ్లకు చూపిస్తాడు. కల్వర్టు మీద ఆగి పంక్చరైన చోటు చూపిస్తాడు. అక్కడ నిలబడి ఫొటో దిగుతారు. అది కూడా అతని పేరు మీద ఆ యాప్‌లోకి ఎక్కుతుంది. వచ్చి ఉప్మా తింటారు, బాగుందంటారు. రేపు పొద్దున అతను వాకిట్లోకి వచ్చి బటన్ నొక్కుతాడు. ఆమెకు మిగిలిన ఆ దారి కూడా ఆమె అతనికి అందించిన వాటిలో ఒకటవుతుంది, తువ్వాల లాగా, కారు తాళం లాగా.

అనిల స్టవ్ ఆపింది. మాట స్పష్టంగా వినపడాలని.

"నేను అనిలను మాట్లాడుతున్న. అందరు ఇనుండ్రి," అంది. "ఆ తొవ్వ ఆయనకు తెల్వది. ఎన్నడు పోలే. ఆ ఫోన్ నా సైకిల్ బుట్టల ఉండె. తొక్కింది నేను. గిర్ని కాడ ఆగింది నేను. ఆగస్టుల కల్వర్టు కాడ పంక్చర్ కాలే. నాకు కడుపు పోయింది. అది ఆయనకు ఎరుకే."

అటు నుంచి ఎస్తేర్ గొంతు "వదినా" అంది. కాల్ కట్ అయింది.

"పది మందిల వాని ఇజ్జత్ తీస్తివి," అంది కమలవ్వ.

"మీ జొన్నల ముచ్చట చెప్పలే అత్తమ్మా," అంది అనిల.

ఆమె ఒక ప్లేటులో ఉప్మా పెట్టుకుని పీట మీద కూర్చుని తిన్నది. ఎనిమిది గంటలకు డీసీఎం కామారెడ్డికి తిరిగి వెళ్లిపోయింది. టిఫినుకు ఎవరూ రాలేదు. చక్రధర్ తొమ్మిదింటికి సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

సోమవారం పొద్దున వాకిట్లోకి అతను రాలేదు. పాత ఫోన్ టీవీ పక్కన ఉంది. అనిల సెంటరుకు సైకిలు మీదే వెళ్లి సైకిలు మీదే వచ్చింది. ఆ రోజు చక్రధర్ పేరు మీద ఒక్క కిలోమీటరు కూడా నమోదు కాలేదు.