ఈలచెట్టుకి కోటు కప్పినవాడు

పొద్దున్నే మొక్కజొన్న రొట్టె, ఉడికించిన బీన్స్ తిని ఆర్వెల్ పెరట్లోకి బయల్దేరతాడు. గోడ పట్టుకుని ఆగి ఆగి నడుస్తాడు. ఈలచెట్టు మొదట్లో పాత దిండు వేసుకుని, వీపు మానుకి ఆనించి కూర్చుంటాడు. కాసేపటికి మొహంలోకి రంగొస్తుంది. బొగ్గుగనిలో అరిగిపోయిన ఊపిరితిత్తులు మరి, ఊరికే పనిచేస్తాయా! చెట్టు తీసే ఊపిరి వీపులోంచి అతనికీ అందుతుంది. మా లోయలో గనివాళ్లంతా అలా బతికినవాళ్లే. ఆస్పత్రివాళ్లిచ్చిన ఆక్సిజన్ సిలిండర్ని అతని భార్య లియోటా వంటింటి తలుపుకి అడ్డం పెట్టుకుంది.

"ఇక లేవన్నా! వీపుకి వేళ్లొచ్చేస్తాయి" అని కంచె అవతల్నుంచి హోబర్ట్ అరుస్తాడు. అతనిదీ అదే గని, అదే దగ్గు. మధ్యాహ్నం వంతు అతనిది.

"పెళ్లాం లేనోడివి, నీకేం తొందర్రా?" అంటాడు ఆర్వెల్.

ఈలచెట్టంటే మేపుల్లో పొట్టి రకం. పచ్చటి బెరడు మీద తెల్లచారలు, బాతు పాదం లాంటి ఆకు. వసంతంలో పిల్లలు లేతకొమ్మ బెరడు జారదీసి ఈలలు చేసుకుంటారు. పెద్దచెట్ల చాటున తప్ప బతకదు, ఎండ తగిలితే మాడిపోతుంది. లియోటా కాపురానికొచ్చిన కొత్తలో ఆ పెరటిని చూసి ఏడ్చింది. ఆకాశాన్ని కప్పేసే హెమ్లాక్ చెట్ల కింద అంతా చీకటే. టమాటాలు పోయాయి, గులాబీలు పోయాయి. ఈలచెట్టు ఒక్కటే దక్కింది.

అలాంటిది, హెమ్లాక్‌లకి తెల్ల దూదిపురుగు పట్టింది. ఒక్కొక్కటే ఎండి కూలిపోయాయి. పెరట్లోంచి ఆకాశం కనపడసాగింది. అంత వెలుతురు ఎవడిక్కావాలి! ఈలచెట్టు ఆకుల అంచులు మాడాయి. ఆర్వెల్ మాట మధ్యలో ఆగిపోసాగాడు. లియోటా చెట్టుకి నీడగా దుప్పట్లు కట్టింది, బిందెలు బిందెలు నీళ్లు మోసింది. గాలికి దుప్పట్లు చిరిగాయి.

మే నెలలో హోబర్ట్ పూలగుత్తి వంచి చూశాడు.

"వదినా, ఇన్నేళ్లూ ఇది మగచెట్టే కదా! ఇప్పుడు పిందెలు కడుతోంది."

"కడితే కట్టనీ."

"అది కాదు. మా నాన్న చెట్టూ ఇంతే. ఇక పోతున్నానని తెలిశాకే ఆడదయింది."

"నోర్ముయ్ హోబర్ట్!"

అతను వెళ్లగానే లియోటా నిచ్చెన తెచ్చి కనపడిన గుత్తులన్నీ తెంపేసింది. పిందె లేకపోతే చావూ ఉండదనుకుంది పిచ్చిది. నేనైనా అదే పని చేసేదాన్ని.

"దాని పిల్లల్నెందుకే తెంపుతావు?" అన్నాడు ఆర్వెల్.

"మాట్లాడకు. ఊపిరి దాచుకో."

ఆర్వెల్ మాను మీద చెయ్యి వేశాడు. "ఇదీ నాలాగే రొప్పుతోందే. ఇన్నాళ్లూ దీని ఊపిరి నేను తాగాను. ఇక చాలు." కింది కొమ్మకి తన గని కోటు తగిలించాడు. "ఇది తీయకు. కొంచెం నీడన్నా ఉంటుంది."

మర్నాటి నుంచి మళ్లీ చెట్టుకి ఆనుకోలేదు. లియోటా తిట్టింది, కాళ్లు పట్టుకుంది. తలుపు దగ్గరి సిలిండర్ మంచం పక్కకి వచ్చింది. ఆగస్టులోనే ఆకులన్నీ రాలిపోయాయి. అక్టోబర్లో ఆర్వెల్ పోయాడు.

"ఒహాయో వచ్చెయ్యవే. ఆ లోయలో నీకెవరున్నారు?" అంది చెల్లెలు ఇమొజీన్ ఫోన్లో. లియోటా సరేనంది. పెట్టెలో పెడదామని కోటు తీస్తే, దాని కింద ఒకే ఒక్క గుత్తి, రెక్కల విత్తనాలన్నీ పండి వేలాడుతోంది. అప్పుడు అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ విత్తనాలు ఇంటికి ఉత్తరాన పాతింది. మొలక చూసి వస్తానని చెల్లెలికి చెప్పింది. ఆ జాతి విత్తనం రెండు చలికాలాలు మట్టిలో పడుకుంటుంది. రెండో చలికాలంలో హోబర్ట్ కూడా పోయాడు. వసంతంలో ఒక్కటే లేచింది, రెండాకులతో.

లియోటా మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించింది. ఆగి ఆగి ఊపిరి. మధ్యలో చిన్న దగ్గు. నలభై ఏళ్లు పక్కలో విన్న దగ్గు అది, పోల్చుకోదా!

మిట్టమధ్యాహ్నం ఎండ ఇంటికప్పు దాటి ఆ మూలకి వస్తుంది. గుడ్డ కడితే మొలక వాడింది. గొడుగు పెట్టినా వాడింది. లియోటా తానే ఎండకి వీపు పెట్టి కూర్చుంటే మాత్రం, ఆ నీడలో ఊపిరి తీసింది. అది మనిషిని మోసేంత చెట్టవడానికి పదిహేనేళ్లన్నా పడుతుంది. లియోటాకి డెబ్భై దాటాయి.

జూన్లో ఇమొజీన్ కారేసుకుని వచ్చింది. పెట్టెలు వరండాలోనే ఉన్నాయి.

"ఏంటే ఇది, వీపంతా కమిలిపోయింది! లే, పోదాం. అక్కడ గది కూడా సర్దించాను."

"కారు తిప్పుకో, ఇమొజీన్."

"నీకేమన్నా పిచ్చా? లేవవే!"

లియోటా కదల్లేదు. నేల మీద తన నీడ వైపే చూస్తోంది.

"నేను లేస్తే వాడికి ఎండ తగుల్తుందే" అంది.