ముక్కు కింద నీడ

నారాయణగూడలో శ్రీపతి స్టూడియో అంటే పెళ్ళిళ్ళ స్టూడియో. నలభై ఏళ్ళుగా ఆయనది ఒకటే ధర్మం: ముఖం మీద నీడ పడకూడదు. పెళ్ళికూతురి ముక్కు కింద చీపురుపుల్లంత నీడ కనిపించినా చాలు, ఆమె తల్లి ఆల్బమ్ తిరగ్గొట్టేస్తుంది. అందుకని ఆయన ఫ్లాష్‌ని సూటిగా ముఖానికే గురిపెట్టి, నీడ అనేదాన్ని ఫంక్షన్ హాలు గేటు దగ్గరే ఆపేసేవాడు. ఆ పనిలో ఆయన్ని కొట్టేవాడు చిక్కడపల్లి నుంచి కోఠి దాకా లేడు.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట సముద్రం పిచ్చి పట్టుకుంది. నిరుడు ఎవరిదో పెళ్ళి తీయడానికి అండమాన్ వెళ్ళి, ఖాళీ దొరికిన పూట ట్రైనర్ చెయ్యి పట్టుకుని నీళ్ళ కిందికి దిగాడు. అక్కడ ఒక రాయి మీద బొటనవేలంత సముద్రపు నత్త, ఊదారంగు ఒంటికి పసుపుపచ్చ అంచుతో, తన దారిన తాను పోతోంది. ఇటు చూడమని దానికి ఎవరూ చెప్పలేదు, అది చూడనూ లేదు. శ్రీపతి దాని మీద మనసు పారేసుకున్నాడు. తిరిగొచ్చి ఈత నేర్చుకున్నాడు, డైవింగ్ సర్టిఫికెట్ సంపాదించాడు, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ నత్త కథ చెప్పి చెప్పి సగం మందిని రాకుండా చేశాడు.

ఇప్పుడు క్రాంతికుమార్ అనే డైవింగ్ టీమ్ లీడర్ వచ్చే నెల మనుషుల్ని తీసుకుని అండమాన్ వెళుతున్నాడు. పడవలో ఫోటోగ్రాఫర్‌కి ఒకటే సీటు, దానికి శ్రీపతితో కలిపి ఇద్దరు పోటీ. శనివారం సాయంత్రం ఐదింటిలోగా నీళ్ళలో తీసిన ఫోటో ఎవరు బాగా పంపితే సీటు వాళ్ళది. నలభై ఏళ్ళలో ఎవరూ ఆర్డరివ్వని ఫోటో ఒక్కటి కూడా తాను తీయలేదని శ్రీపతికి నత్తను చూశాకే తెలిసింది. తెలిసినప్పటి నుంచీ ఆ సీటు తప్ప ఆయనకు వేరే ధ్యాస లేదు.

శనివారం పొద్దున చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీ వెనక గల్లీకి వెళ్ళాడు. అక్కడ శ్రావణ్ అనే కుర్ర డైవర్ ఇంట్లోనే సామాను కిరాయికిస్తాడు. కెమెరాకి నీళ్ళు చొరబడని పెట్టె ఇచ్చాడు, నీళ్ళలో వెలిగే ఫ్లాష్‌లు రెండు రకాలు ఇచ్చాడు. వాటిని స్ట్రోబ్‌లంటారు. ఒకటి కొబ్బరికాయంత పెద్దది, ఒంటరిది. ఇంకోటి జామకాయలంత చిన్నవి, జంట. రెండూ వాడి చూసి సాయంత్రానికి ఒకటి ఎంచుకోమన్నాడు. సముద్రం నీళ్ళు నల్లా నీళ్ళలా ఉండవని, నలుసులు తేలుతుంటాయని, అందుకని తొట్టిలో చెంబెడు బియ్యం కడిగిన నీళ్ళు కలిపి తీయమని కూడా చెప్పాడు.

అశోక్‌నగర్‌లో శ్రీపతి ఇంటి డాబా మీద సిమెంటు తొట్టి ఉంది. భార్య మాధురి వంటకు నానేసిన బియ్యం నీళ్ళు అందులో కలిపింది. సముద్ర జీవికి బదులు, ఒళ్ళంతా బుడిపెలున్న కాకరకాయను రాయి కట్టి దించారు. ఆ తర్వాత శ్రీపతి చిన్నపిల్లాడిలా గంతులేస్తూ పని మొదలుపెట్టాడు. పక్కన కడుతున్న మేడ మీది నుంచి మేస్త్రీ ఈదయ్య తొంగి చూసి, తొట్లో ఏమన్నా పడిపోయిందా అని అడిగాడు. కాకరకాయ పడిందని మాధురి చెప్పింది.

పెద్ద స్ట్రోబ్‌ని శ్రీపతి అలవాటుగా కెమెరా నెత్తినే బిగించి సూటిగా కొట్టాడు. ఫోటోలో కాకరకాయ లేదు, తెల్లటి చుక్కల వాన ఉంది. నీళ్ళలోని ప్రతి నలుసూ వెలిగిపోయి కెమెరాకేసి మెరిసింది. వెలుగు తగ్గించాడు, పెంచాడు, జంట స్ట్రోబ్‌లు పెట్టి వాటినీ సూటిగానే కొట్టాడు. వాన రెట్టింపయింది. మూడున్నరయ్యేసరికి చొక్కా తడిసింది, మూతి ముడుచుకుంది. నలభై ఏళ్ళ విద్య బియ్యం నీళ్ళ పాలైందని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

చివరికి మొండితనం మాని శ్రావణ్‌కి ఫోన్ చేశాడు. లైట్లను కెమెరాకి దూరంగా, రెండు వైపులా బార్లా చాపి, మొహాలు కాస్త బయటికి తిప్పమని చెప్పాడతను. అలా చేస్తే నీడలు పడతాయి కదా అన్నాడు శ్రీపతి. పడనియ్యండి అన్నాడు శ్రావణ్. శ్రీపతి కళ్ళు మూసుకుని పాపం చేస్తున్నవాడిలా నొక్కాడు. వాన ఆగిపోయింది. ప్రతి బుడిపె పక్కనా సన్నటి నీడతో కాకరకాయ నిగనిగలాడింది. పెద్దదాన్ని అలాగే ఒక పక్కకు జరిపి చూస్తే కాయలో సగం చీకట్లో మునిగింది. జంటే సరైనదని తేలిపోయింది.

మాధురి ఆ ఫోటో వంక చాలాసేపు చూసింది.

"పెళ్ళిళ్ళల్ల గుంపుల నిలబెట్టి తీసుడే గనీ, గీ ముప్పై ఏండ్లల్ల నన్ను ఒక్కదాన్ని ఇంత మంచిగ ఎప్పుడన్న తీసిన్రా?" అంది.

"నువ్వెప్పుడు అడగలె గదా," అన్నాడు శ్రీపతి, కాకరకాయ మీంచి కళ్ళు తిప్పకుండా.

"అడగలె," అంది మాధురి. ఆ ఫోటోనే పంపుదామని శ్రీపతి ఫోన్ అందుకుని, పోటీ గురించి క్రాంతికుమార్ పెట్టిన మెసేజ్ పూర్తిగా చదివింది. శ్రీపతి దాన్ని కళ్ళద్దాలు లేకుండా సగమే చదివాడు. కింది సగంలో, ప్రాణమున్నదాన్ని తీస్తేనే లెక్క అని ఉంది. టైమ్ నాలుగున్నర. చేప కొనుక్కురావాలంటే ఈ ట్రాఫిక్‌లో పోయి వచ్చేసరికి ఏడవుతుంది. శ్రీపతి తొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

మాధురి తన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది.

"పరేషాన్ గాకుండ్రి. మా పుట్టింటి బావిల నేను మీకన్న ముందు నేర్చిన ఈత," అని, ఊపిరి బిగబట్టి ముఖం నీళ్ళలో పెట్టేసింది.

శ్రీపతి కెమెరా ముంచి వరసగా నొక్కాడు. ఆమె తల ఎత్తి, దగ్గుతూ, నవ్వుతూ నీళ్ళు విదిల్చింది. ఇద్దరూ తెర మీదికి వంగారు. మూసిన కళ్ళు, మెరిసే ముక్కుపుడక, జుట్టులో చిక్కిన గాలిబుడగలు, ముక్కు కింద మెత్తటి నీడ. శ్రీపతి ఫోటోను ఇంకా పెద్దది చేసి చూశాడు. ఎవరూ అడగని ఫోటో కోసం తాను అండమాన్ దాకా బయల్దేరాడు. ఆ ముఖానికి ఎడమ చెంప మీద సొట్ట ఉందని ఇప్పుడు చూస్తున్నాడు.

ఫోటో పంపాడు. ఐదు దాటగానే జవాబొచ్చింది: సీటు నీదే అన్నా. శ్రీపతి దాన్ని పైకి చదివి ఈదయ్యకి వినిపించి, మళ్ళీ చదివాడు.

మాధురి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సీటు సంగతి తర్వాత సూద్దాం. ఇంకొకటి తియ్యుండ్రి. ఈసారి కండ్లు తెరుస్త."

ఆయన రెడీ అనకముందే ఆమె నీళ్ళలోకి వంగింది. శ్రీపతి ఫోన్ గట్టు మీద పడేసి కెమెరా అందుకున్నాడు.