పోలయ్య కోసం మిగిల్చిన ఫిలిం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. షెడ్డులో మనిషి రిటైరయ్యాక, సెండాఫ్ దండలు పూర్తిగా వాడిపోకముందే, ఆలుమగలిద్దరూ బుధ్వారీ బజార్‌లోని జగన్నాథం స్టూడియోకి వెళ్ళి చెరొక పెద్దఫొటో తీయించుకునేవారు. స్టూలు మీద నిటారుగా కూర్చుని, ఒంటరిగా, బ్లాక్ అండ్ వైట్‌లో. ఇంటికి తెచ్చి పాత చీర ముక్కలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేవారు. అది ఎప్పుడు బయటికి వస్తుందో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

రంగు ఫొటోలు వెలిసిపోతాయి, జగన్నాథం తీసింది మనవల కాలానికి కూడా ఉంటుంది అని వాళ్ళ నమ్మకం. అందుకే ముందుగదిలో కొడుకు జయప్రకాష్ కంప్యూటర్ పెట్టి, క్షణాల్లో పాస్‌పోర్టు ఫొటోలు చేతిలో పెడుతున్నా, వెనకగదిలో జగన్నాథం పాత కెమెరాని తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇల్లు నడిచేది ముందుగది మీద. ఆయన బతికేది వెనకగదిలో.

రెండువేల ఏడో సంవత్సరం వచ్చేసరికి ఆ కెమెరాకి ఫిలిం దొరకడం మానేసింది. రాయపూర్ డీలర్‌కి ఫోన్ చేస్తే ఒకటే మాట. ఫ్యాక్టరీ తెరిచే ఉంది, పనివాళ్ళు వెళ్తున్నారు, వస్తున్నారు. సరుకు మాత్రం రావడం లేదు. ఆ లైను నడుపుతారో, ఎత్తేస్తారో అక్కడివాళ్ళకే తెలీదు. వచ్చే నెల చూడండి.

అలా చూస్తూ చూస్తూ జగన్నాథం ఆఖరి రోల్ కెమెరాలో ఎక్కించిన రోజుల్లోనే పోలయ్య భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. షెడ్డులో ఫిట్టర్‌గా చేసి ఆ నెలే దిగిపోయాడు. శుక్లాల ఆపరేషన్ అయి ఒక కంటికి పట్టీ ఉంది.

"దీనికి తీసీ జగ్గయ్యా. నాది పట్టీ తీసినాక. ఒంటికన్నుతో గోడెక్కితే మనవలు జడుసుకుంటారు," అన్నాడు బెంచీ మీద కూలబడుతూ.

అప్పలనర్సమ్మ స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చుంది. ఫొటో అంటే ఆమెకి మొదటినుంచీ భయమే. పోలయ్య ఊరుకోలేదు.

"ఏటి జగ్గయ్యా, పైన దండకి జాగా ఒగ్గినావా లేదా?"

"దండ నీకే ముందు," అంది ఆమె కదలకుండా. "ఆ మీసం కాస్త తగ్గించుకో. పూలకి అడ్డొస్తాది."

అని తన మాటకి తనే పకపకా నవ్వేసింది. జగన్నాథం అప్పుడే నొక్కాడు. తర్వాత ఆయనా నవ్వాడు, పోలయ్యా నవ్వాడు.

"మిగిలిన ఫిలిం నీకే బావా," అన్నాడు జగన్నాథం. "పట్టీ తీసిన వెంటనే రా. రోల్ పూర్తవగానే కడిగి ఇద్దరివీ ఇచ్చేస్తాను."

పట్టీ తీశారు గానీ కంట్లో నీరు కారడం ఆగలేదు. ఆ తర్వాత ఎండలు. ఆ తర్వాత వానలు. మధ్యలో వేరేవాళ్ళు అడిగినా జగన్నాథం ఆ కెమెరా ముట్టుకోలేదు. అప్పలనర్సమ్మ కూరగాయలకి వచ్చినప్పుడల్లా మెట్ల దగ్గర ఆగేది.

"ఏటి తమ్మీ, నా ఫొటో ఏ స్టేషన్‌లో ఆగిపోనాది?"

"వచ్చే నెల అప్పా. బావని పంపించు, రోల్ అయిపోద్ది."

"ఆయన గూడ్సు బండి. నాను ప్యాసింజర్‌ని. నాకు ముందు సిగ్నల్ ఇవ్వాల," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేది.

భాద్రపదంలో ఆమెకి జ్వరం వచ్చింది. రైల్వే హాస్పిటల్‌కి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన మనిషిని వ్యానులో క్వార్టర్‌కి తెచ్చారు.

పెద్దకర్మ దగ్గర పడ్డాక పోలయ్య స్టూడియోకి వచ్చాడు. మీసం తీసేసిన మొహం ఎవరిదోలా ఉంది.

"ఆ ఫొటో ఇచ్చీ జగ్గయ్యా. ఎల్లుండి గోడకి పెట్టాల. పెళ్ళినాటిది చెదలు తినీసింది. రేషన్ కార్డులో ఉందొకటి, అందులో దొంగలా ఉంటాది."

"రేపు సాయంత్రానికి ఇస్తాను బావా," అన్నాడు జగన్నాథం.

చీకటిగది తలుపు వేసుకున్నాక కెమెరా చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. రోల్ మొత్తం కడిగేస్తే ఇంకా తీయని ఫిలిం కూడా తెల్లగా పాడైపోతుంది. పోలయ్య పెద్దఫొటో ఇక లేనట్టే. ఆ ఇంటి గోడ మీద ఆమె పక్కన ఏం పెడతారు? కోసేస్తే? కెమెరా వెనక మూత తీసి సరిగ్గా మధ్యలో కత్తెర పెడితే, ఒకవైపు తీసినవన్నీ, రెండోవైపు తీయనివన్నీ. నొక్కిన వెంటనే ఫిలిం ముందుకి తిప్పడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. కాబట్టి మధ్యలో ఉన్నది ఇంకా తీయని ఖాళీ ఫిలిమే. మూత తీసేముందు కెమెరా వెనక చిన్న కిటికీలో ఫిలిం నంబరు చూసుకుంటే ఏ అనుమానమూ ఉండేది కాదు. చూడాలని తోచలేదు. చీకట్లో వేళ్ళతో తడుముకుని కోశాడు. మిగిల్చిన ముక్కని నల్లకాగితంలో చుట్టి డబ్బాలో భద్రం చేశాడు. తీసిన ముక్కని కడిగాడు.

లైటు వేసి, తడి నెగెటివ్‌ని పైకెత్తి చూశాడు. చివరన అప్పలనర్సమ్మ. పాపిడి ఉంది, బొట్టు ఉంది, నవ్వుతో ముడుచుకున్న కళ్ళు ఉన్నాయి, ముక్కు ఉంది. ముక్కు కింద ఫిలిం అయిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె నవ్వుకి తనూ నవ్వుతూ, ఫిలిం తిప్పడం మరిచిపోయాడు. ఆ తర్వాత కెమెరానే ముట్టుకోలేదు.

ఆయన మొహం చూసి జయప్రకాష్ నెగెటివ్ లాక్కుని వెలుతురులో పెట్టి చూశాడు.

"టెన్షన్ మత్ లో పాపా, కంగారు పడకు. కళ్ళు వచ్చాయి కదా. నోరు ఇంకొకరిది పెట్టేస్తాను. మొన్న పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన లక్ష్మీనరసమ్మ పిన్నిది నా దగ్గర ఉంది."

"పోలయ్య బావకి తెలిసిపోతాది రా."

"అరే, ఏడుస్తూ ఎవరు చూస్తారు?"

జగన్నాథం వద్దనలేదు. కొడుకు వెనక నిలబడి చూశాడు. జయప్రకాష్ చేతిలో పనితనం ఉంది, కాదనడానికి లేదు. కాసేపట్లో తెర మీద ఒక మనిషి తయారైంది. అతుకు ఎక్కడా కనబడటం లేదు. అచ్చం అప్పలనర్సమ్మలా ఉంది. కానీ నోరు మూసుకుని ఉంది. నలభై ఏళ్ళలో ఆమె అలా కూర్చోగా జగన్నాథం చూడలేదు.

"ఆ నోరు తీసీ," అన్నాడు కొడుకుతో.

లోపలికి వెళ్ళి డబ్బా అందుకున్నాడు. మూత మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఇది విప్పితే మళ్ళీ ఎక్కించుకోవడానికి ఏమీ ఉండదు. తలుపు వేసి, లైటు ఆర్పి, విప్పాడు.

కడిగాక చూస్తే ఆ ముక్క మొదట్లో ఆమె నవ్వు ఉంది. గార పట్టిన పళ్ళు, కింద పెదవి, గడ్డం, మెడలో నల్లపూసలు. అక్కడినుంచి చివరిదాకా ఖాళీ.

రెండు ముక్కల అంచులూ కలిపి గాజుపలకల మధ్య బిగించి ప్రింట్ వేశాడు. ఆమె నవ్వింది. ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గ దాకా, ముక్కు కింద నుంచి, సన్నటి నల్లగీత పడింది.

మర్నాడు పోలయ్య వచ్చి, ఫొటోని గుమ్మం వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాడు. గీత మీద బొటనవేలు పెట్టి తుడిచాడు. పోలేదు.

"ఇదేటి జగ్గయ్యా?"

"నేనే కోసీనాను బావా. నీ ఫొటోకి ఫిలిం మిగల్చాలని. చీకట్లో తప్పు చేసీనాను."

"మిగిలిందా మరి?"

"లేదు. ఆ నవ్వు దాంట్లోనే ఉండిపోనాది. అదీ కడిగేశాను."

జయప్రకాష్ కుర్చీలోంచి లేచాడు. "అంకుల్, ఇటివ్వండి. గీత నేను తీసేస్తాను, దో మినిట్." పోలయ్య ఫొటో ఇవ్వలేదు. గుండెకి ఆనించుకున్నాడు.

"దీని పక్కన నాది ఉండాల కదా. ఇలాంటిదే ఉండాల. ఫిలిం ఎప్పుడొస్తాది? అడుగు. నా ముందర అడుగు."

జగన్నాథం రాయపూర్‌కి ఫోన్ కలిపాడు. డీలర్ పలికాడు. పాపం, విసుక్కోలేదు. ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. జగన్నాథం ఫోన్ పెట్టేసి, తల ఎత్తకుండానే అన్నాడు:

"వచ్చే నెల చూడమంటున్నాడు బావా."

పోలయ్య తువ్వాలు తీసి ఫొటోకి చుట్టాడు. మెట్లు దిగుతూ ఆగాడు.

"మీ అప్పకి కూడా నువ్వు అదే చెప్పినావు," అన్నాడు. బజార్‌లో జనం మధ్యకి వెళ్ళిపోయాడు.